ప్రమాదం తర్వాత వచ్చే అందమైన ప్రకటనను చదవడం ఎలా?

పెద్ద ప్రమాదం జరిగిన కొన్నాళ్లకు టీవీలో ఓ ప్రకటన వస్తుంది. నీలి సముద్రం, ఒడ్డున పరిగెడుతున్న పిల్లలు, వెనకాల మెల్లగా పియానో, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఉద్యోగి, చివర్లో కంపెనీ గుర్తు. అంతా కలిపి ముప్పై సెకన్లు. చూశాక మనసు కాస్త తేలికపడుతుంది. కంపెనీ కోట్లు పోసి కొనుక్కున్నది ఆ తేలికపాటునే.

ఇలాంటి ప్రకటనల్లో అబద్ధం పట్టుకుందామని కూర్చుంటే చాలాసార్లు ఏమీ దొరకదు. వీటిని రాసేవాళ్ల పక్కన లాయర్లు ఉంటారు. ఒక్కో వాక్యాన్నీ విడిగా తీసి చూస్తే నిజమే ఉంటుంది. మోసమంతా దేన్ని చూపించారు, దేన్ని వదిలేశారు అన్న దగ్గర జరుగుతుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో మనం అబద్ధం కోసం వెతకం, వదిలేసినదాని కోసం వెతుకుతాం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, పెన్ను, ఇంటర్నెట్ ఉన్న ఫోన్, ఓ గంట ఓపిక ఉంటే చాలు.

1. ముందు సౌండ్ తీసేసి చూడండి

ప్రకటనను మూడుసార్లు చూడాలి. మొదటిసారి సౌండ్ పూర్తిగా తీసేసి బొమ్మలు మాత్రమే చూడండి. ఏమేం కనిపించాయో వరసగా రాయండి. రెండోసారి ఫోన్ బోర్లించి వినడం మాత్రమే చేయండి. మూడోసారి మాటలను ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించండి. ఒక్క పదం కూడా మార్చొద్దు, తర్వాత అవసరం పడుతుంది.

ఇప్పుడు ఆ మాటల్లో సరిచూడగలిగిన వాటికి సున్నా చుట్టండి. ‘మేం ప్రకృతిని ప్రేమిస్తాం’ అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు. ‘ఇరవై లక్షల చెట్లు నాటుతున్నాం’ అన్నదాన్ని చూడొచ్చు. చాలా ప్రకటనల్లో సున్నా చుట్టడానికి ఒక్క వాక్యమే మిగులుతుంది. మిగతాదంతా బొమ్మలు, సంగీతం.

1990ల తొలినాళ్లలో అమెరికాలో డూపాంట్ కంపెనీ ప్రకటన ఒకటి ఇలాగే ఉండేది. సముద్ర సింహాలు రెక్కలు కొట్టి చప్పట్లు చరుస్తుంటాయి, డాల్ఫిన్లు ఎగురుతుంటాయి, వెనకాల బీతోవెన్ సంగీతం. సరిచూడదగ్గ మాట అందులో ఒక్కటే: తమ ఆయిల్ విభాగం అడుగూ పక్కలూ రెండు పొరలుగా ఉండే ట్యాంకర్ ఓడలు వాడుతుందని. మంచి పనే, కాదనను. కానీ 1989లో అలాస్కాలో ఎక్సాన్ చమురు కంపెనీ ఓడ ‘ఎక్సాన్ వాల్డెజ్’కు జరిగిన ప్రమాదం తర్వాత, కొత్త ట్యాంకర్లకు ఆ రెండు పొరలను 1990లో అమెరికా చట్టమే తప్పనిసరి చేసింది. అందుకే సున్నా చుట్టిన ప్రతి వాక్యం పక్కనా ఓ ప్రశ్న రాసుకోండి: ఇది కంపెనీ మనసు పెట్టి చేసిందా, చట్టం చేయించిందా? షెవ్రాన్ కంపెనీ తన రిఫైనరీ స్థలంలో అరుదైన నీలి సీతాకోకచిలుకను కాపాడుతున్నామని ఏళ్ల తరబడి చెప్పుకుంది. ఆ సీతాకోకచిలుక 1976 నుంచే అమెరికా ప్రభుత్వ రక్షిత జాబితాలో ఉంది.

2. తేదీల గీత గీయండి

నోట్‌బుక్‌లో అడ్డంగా ఒక గీత గీయండి. గీత పైన ప్రకటనలు, కింద జరిగినవి. రెండింటికీ తేదీలు వేయండి. మీరు చేసే పనంతటిలో ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇంకోటి లేదు.

2010లో మెక్సికో సింధుశాఖలో బీపీ అనే చమురు కంపెనీ బావి దగ్గర జరిగినదానికి నేను గీసుకున్న గీత ఇది. కింద: ఏప్రిల్ 20న బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలింది, 11 మంది కార్మికులు చనిపోయారు. పైన: జూన్ మొదట్లో కంపెనీ అధిపతి టీవీలో కనిపించి, దీన్ని మేం చక్కదిద్దుతాం అన్నాడు. మళ్లీ కింద: ఆ ప్రకటన వస్తున్న రోజున కూడా బావి నోరు తెరుచుకునే ఉంది. జులై 15న గానీ నూనె ఆగలేదు. మొత్తం 87 రోజులు. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం దాదాపు 49 లక్షల బ్యారెళ్లు సముద్రంలోకి పోయాయి. ఏప్రిల్ నుంచి జులై చివరిదాకా ప్రకటనల మీద 9.3 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టామని, అంతకుముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే అది మూడు రెట్లని కంపెనీయే అమెరికా కాంగ్రెస్‌కు చెప్పింది.

గీతను ఇంకొంచెం ముందుకు లాగండి. పైన: బీచ్‌లన్నీ తెరిచే ఉన్నాయి, రండి, రొయ్యలు తినండి అని పిలిచే పర్యాటక ప్రకటనలు. బీచ్‌లు తెరిచి ఉన్న మాట నిజమే. కింద: 2011లో లూసియానాలోని బరటారియా బేలో డాల్ఫిన్లను పట్టి పరీక్షిస్తే ఊపిరితిత్తుల జబ్బులు చాలా ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత 2012లో బీపీ 11 మంది చావుకు సంబంధించిన నేరాలతో పాటు, నూనె ఎంత పోతోందన్న విషయంలో కాంగ్రెస్‌కు అడ్డుపడిన నేరాన్ని కూడా ఒప్పుకుంది. అంటే టీవీలో అధిపతి మనతో మాట్లాడుతున్న ఆ వారాల్లోనే, ఎంత పోతోందో చెప్పాల్సిన చోట ఆ కంపెనీ నిజం చెప్పలేదు. పదకొండు మంది ఇంటికి రాలేదన్న సంగతి పక్కన పెట్టుకుని ఆ ప్రకటన మళ్లీ చూడండి. నాకైతే రెండోసారి పూర్తిగా చూడబుద్ధి కాలేదు.

3. క్రియ దగ్గర ఆగండి

ఇందులో తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. మన క్రియలు జంటలుగా వస్తాయి: పగిలింది, పగలగొట్టారు. కలిసింది, కలిపారు. చెడింది, చెడగొట్టారు. ఒలికింది, ఒలకబోశారు. మొదటి మాటలో ఎవరూ లేరు, పని దానంతటదే అయిపోయింది. రెండో మాటలో మనిషి ఉన్నాడు. ప్రమాదం తర్వాత వచ్చే ప్రకటన దాదాపు ఎప్పుడూ మొదటి రకంలోనే మాట్లాడుతుంది. ‘గ్యాస్ లీకైంది’, ‘వ్యర్థాలు నదిలో కలిశాయి’, ‘ప్రాణాలు పోయాయి’. మరి సహాయం సంగతికి వచ్చేసరికి చూడండి, కర్త పరిగెత్తుకుంటూ వస్తాడు: ‘మేం ఆదుకున్నాం’, ‘మేం నిర్మించాం’, ‘మేం నాటాం’. చెడు దానంతటదే జరుగుతుంది, మంచి మాత్రం కంపెనీ చేస్తుంది.

చేయాల్సింది ఇంతే. ప్రతి క్రియ కింద గీత గీసి ‘ఎవరు?’ అని అడగండి. జవాబు లేనిచోట మీరే కర్తను పెట్టి వాక్యం తిరగరాయండి. ‘నీళ్లలో రసాయనాలు కలిశాయి’ అన్నదాన్ని ‘కంపెనీ నీళ్లలో రసాయనాలు కలిపింది’ అని మార్చి చదివితే అదే వార్త ఎంత బరువుగా ఉంటుందో చూడండి. అలాగే, ‘చర్యలు చేపట్టడం జరిగింది’ లాంటి వాక్యం ఎదురైతే ఎర్ర పెన్ను వాడండి. మన ఆఫీసు తెలుగులో ఈ ‘జరిగింది’ తిష్ట వేసుకుని కూర్చుంది. ఎవరు, ఎప్పుడు, ఏం చర్య అన్న మూడింటినీ ఒకే దెబ్బకు మింగేస్తుంది.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరంలో రాళ్లకు తగిలి దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి నూనె ఒలకబోసింది. పది రోజుల తర్వాత, ఏప్రిల్ 3న పేపర్లలో పేజీ నిండా కంపెనీ అధిపతి పేరుతో ప్రకటన వచ్చింది. ఈ ప్రమాదానికి విచారిస్తున్నామంటూనే, నూనె ప్రభావాన్ని తగ్గించడానికి ఎక్సాన్ వేగంగా, సమర్థంగా కదిలిందని అందులో ఉంది. క్షమాపణ పక్కనే తనకు తనే ఇచ్చుకున్న మెచ్చుకోలు. శుభ్రం చేసే పని ఆలస్యమైందని అప్పటికే తీరంలోని జాలర్లు గగ్గోలు పెడుతున్నారు. దశాబ్దాల తర్వాత కూడా ఆ బీచ్‌లలో గులకరాళ్లు తవ్వితే కింద నూనె కనిపించింది.

నామవాచకాల మీదా ఓ కన్నేయండి. విషం ‘ఉద్గారం’ అవుతుంది, పేలుడు ‘ఘటన’ అవుతుంది. అమెరికాలో మురుగునీటి శుద్ధిలో మిగిలే బురదకు 1990ల మొదట్లో ఆ రంగంవాళ్లే ‘బయోసాలిడ్స్’ అని కొత్త పేరు పెట్టుకున్నారు. బురద అలాగే ఉంది.

4. పెద్ద అంకెను పెద్ద అంకెతో భాగించండి

ప్రకటనలో అంకె కనిపించిందంటే దాని జంట అంకె ఎక్కడో దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగాలి.

2021 అక్టోబర్‌లో, గ్లాస్గో వాతావరణ సదస్సుకు ముందు, బ్రిటన్‌లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు బస్టాపుల్లో పోస్టర్లు పెట్టింది. ఒకదానిలో ఇలా ఉంది: ఇరవై లక్షల చెట్లు నాటడానికి సాయపడుతున్నాం, అవి తమ జీవితకాలంలో 12.5 లక్షల టన్నుల కార్బన్‌ను పట్టి ఉంచుతాయి. చదవగానే ఎంత పెద్ద పనో అనిపిస్తుంది. బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ విచారణలో జంట అంకె బయటికొచ్చింది: ఆ బ్యాంకు అప్పులిచ్చిన చమురు, గ్యాస్ వ్యాపారాల నుంచే ఏడాదికి దాదాపు 6.53 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన ఉద్గారాలు.

ఇప్పుడు లెక్క వేయండి. 6.53 కోట్లను 365తో భాగిస్తే రోజుకు సుమారు 1.79 లక్షల టన్నులు. 12.5 లక్షలను దానితో భాగిస్తే ఏడు. అంటే చెట్లు బతికినంత కాలం పట్టి ఉంచే కార్బన్, ఆ అప్పుల వల్ల ఒక్క వారంలో గాలిలోకి పోయేదానితో సమానం. ఒకటి జీవితకాలపు అంకె, ఇంకోటి ఏడాది అంకె అన్నది కూడా గమనించండి. రెండిటి కొలత కాలం వేరైతే కంటికి మోసం తెలియదు. 2022 అక్టోబర్‌లో ఆ సంస్థ రెండు పోస్టర్లనూ మళ్లీ వాడొద్దని చెప్పింది. చెట్ల అంకె తప్పని కాదు, ముఖ్యమైన సంగతిని వదిలేశారని. మనం వెతుకుతున్నదీ అదే కదా.

ఎక్సాన్‌మొబిల్ ఏళ్ల తరబడి నాచు నుంచి ఇంధనం తీస్తున్నామని ఆకుపచ్చని ప్రకటనలు ఇచ్చింది. 2025 నాటికి రోజుకు 10,000 బ్యారెళ్లు తీసే సామర్థ్యం సాధించడం వాళ్ల లక్ష్యం. ఆ కంపెనీ రిఫైనరీలు రోజుకు 40 లక్షల బ్యారెళ్లకు పైగా శుద్ధి చేయగలవు. లక్ష్యం నూటికి నూరు శాతం నెరవేరినా నాలుగువందల్లో ఒక వంతే. 2023 మొదట్లో ఆ పరిశోధనకు డబ్బు ఆపేశారని వార్త వచ్చింది. దానికి మాత్రం ఏ ప్రకటనా రాలేదు.

5. ప్రదర్శన చూపిస్తే, అది ఏ ప్రశ్నకు జవాబో అడగండి

అన్నిటికంటే బలంగా మనల్ని నమ్మించేది కళ్లముందు చేసి చూపించడం. అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి.

2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల ప్రకటన ఒకటి. ముగ్గురు పెద్దావిడలు కారు ఎక్కి కబుర్లు చెప్పుకుంటుంటారు. డీజిల్ అంటే మురికి కదా అని మాట వస్తుంది. వెంటనే ఒకావిడ కారు దిగి, తన తెల్లని స్కార్ఫ్‌ను పొగగొట్టానికి అడ్డంగా పట్టి చూపిస్తుంది. గుడ్డ తెల్లగానే ఉంది. ఎంత శుభ్రమో చూడమంటుంది.

ఆ స్కార్ఫ్ అబద్ధం చెప్పలేదు. మసిని కారులోని ఫిల్టర్ ఆపుతుంది, గుడ్డకు అంటదు. కానీ ఆ కార్లతో వచ్చిన చిక్కు మసి కాదు, నైట్రోజన్ ఆక్సైడ్లు. అవి వాయువులు, గుడ్డకు అంటవు, కంటికి కనపడవు, ఊపిరితిత్తులకు మాత్రం తెలుస్తాయి. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది: కారు పరీక్షలో ఉందని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్‌లో పెట్టారు, పరీక్షలో మాత్రమే కాలుష్య నియంత్రణ పూర్తిగా పనిచేస్తుంది, రోడ్డెక్కాక కొన్ని కార్లు పరిమితికి 40 రెట్ల దాకా వదులుతున్నాయి అని. ప్రపంచమంతా కలిపి అలాంటి కార్లు కోటీ పది లక్షలని కంపెనీయే ఒప్పుకుంది. ఈ బండారం బయటపడటానికి దారి వేసింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు. వాళ్లు చేసింది చాలా మామూలు పని. కొలిచే యంత్రాన్ని కారులోనే పెట్టుకుని రోడ్డు మీద నడిపారు.

ఇంకొకటి దీనికంటే పాతది, చదివినప్పుడల్లా గుండె బరువెక్కేది. జపాన్‌లోని మినమాటాలో చిస్సో కంపెనీ తన ఫ్యాక్టరీ నీళ్లను సముద్రపు అఖాతంలోకి వదిలేది. అందులో మిథైల్ మెర్క్యురీ అనే విషపు సేంద్రియ పాదరసం ఉంది. చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి వెళ్లింది. 1956లో జబ్బును అధికారికంగా గుర్తించారు. చేతులు వణకడం, చూపు కుంచించుకుపోవడం, మాట తడబడటం, పుట్టిన పిల్లల్లోనే నరాల లోపాలు. 1959 అక్టోబర్‌లో కంపెనీ ఆసుపత్రి డాక్టర్ హొసొకావా ఆ ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని ఆహారంలో కలిపి పెట్టిన పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. డిసెంబర్‌లో మాత్రం సైక్లేటర్ అనే శుద్ధి యంత్రాన్ని ఘనంగా ప్రారంభించింది. ప్రారంభోత్సవంలో కంపెనీ అధ్యక్షుడు, శుద్ధి చేసిన నీళ్లని చెప్పి ఓ గ్లాసు అందరి ముందూ తాగాడు.

పాదరసమున్న వ్యర్థజలం అప్పుడు ఆ యంత్రం గుండా పోవడమే లేదు. పోయినా కరిగి ఉన్న సేంద్రియ పాదరసాన్ని అది తీయలేదు. ఆ యంత్రం పెట్టింది సమాజాన్ని సముదాయించడానికేనని తర్వాత కోర్టు విచారణలో సాక్ష్యం వచ్చింది. ఆ గ్లాసు చూసి జనం మళ్లీ చేపలు తిన్నారు. విషజలం వదలడం 1968 దాకా ఆగలేదు.

కాబట్టి ప్రదర్శన కనపడితే మూడు ప్రశ్నలు రాసుకోండి. జనం అడిగిన ప్రశ్న ఏమిటి? ఈ ప్రదర్శన ఏ ప్రశ్నకు జవాబిస్తోంది? రెండూ ఒకటేనా? పాదరసం గురించి అడిగితే స్వచ్ఛమైన గ్లాసు చూపించారు. వాయువు గురించి అడగాల్సిన చోట మసి చూపించారు. నీళ్ల రంగు, గాలి వాసన, పచ్చని చెట్లు, ఈతకొడుతున్న చేపలు ఇవేవీ రసాయన పరీక్షకు బదులు కావు. ఏ పదార్థం, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు కొలిచారు అన్నది దొరికేదాకా ప్రదర్శనను లెక్కలోకి తీసుకోకండి.

6. వేలు ఎటు చూపిస్తోందో చూడండి

ప్రకటన చూశాక మీకు కంపెనీ మీద కాకుండా మీ మీద మీకే తప్పు చేసిన భావన కలిగితే, కారణం వెతకండి.

1971లో అమెరికా టీవీలో వచ్చిన ఓ ప్రకటనలో ఆదివాసీ వేషంలో ఉన్న మనిషి పడవ దిగుతాడు. కారులోంచి ఎవరో విసిరిన చెత్త అతని కాళ్ల దగ్గర పడుతుంది. అతని కంట్లోంచి ఒక్క చుక్క జారుతుంది. కాలుష్యం మొదలుపెట్టేది జనమే, ఆపగలిగేదీ జనమే అన్న మాటతో ముగుస్తుంది. దాన్ని తీయించింది 1953లో పుట్టిన ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ అనే సంస్థ. దాని వెనక ఉన్నవి డబ్బాలు, సీసాలు, కూల్‌డ్రింకులు తయారుచేసే కంపెనీలు. ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కిచ్చే చట్టాలు అవే రోజుల్లో వస్తుంటే ఆ పరిశ్రమ గట్టిగా అడ్డుకుంది. కన్నీరు కార్చిన నటుడు కూడా ఇటలీ మూలాలున్న అమెరికన్. 2023లో ఆ ప్రకటన హక్కులు అమెరికా ఆదివాసీల జాతీయ సంస్థకు చేరాయి, వాళ్లు దాని వాడకం ఆపేశారు.

‘కార్బన్ ఫుట్‌ప్రింట్’ (మన బతుకు వల్ల గాలిలోకి పోయే కార్బన్ లెక్క) అన్న మాటను ఇంటింటికీ చేర్చినదాంట్లో కూడా 2000ల మధ్యలో బీపీ నడిపిన ప్రచారానిది పెద్ద పాత్ర. మీ అడుగుజాడ ఎంతో లెక్కేసుకోండి అని అడిగింది భూమిలోంచి నూనె తోడే కంపెనీ. మన వంతు మనం తగ్గించుకోవడం తప్పేం కాదు. అయితే అడుగుతున్నవాళ్ల అడుగుజాడ ఎంతో అదే పేజీలో ఉందా అన్నది చూడండి.

7. పేరు మారిందా?

ప్రమాదం తర్వాత పేర్లు మారతాయి. ఎక్సాన్ వాల్డెజ్ ఓడ మరమ్మతు తర్వాత వేరే పేరుతో తిరిగింది. ఆ పేరూ పలుమార్లు మారి, చివరికి ‘ఓరియంటల్ నైసిటీ’గా 2012లో గుజరాత్‌లోని అలంగ్ తీరంలో తుక్కు అయ్యింది. కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది. అందుకే ప్రకటనలోని పేరుతో మాత్రమే వెతకొద్దు. పాత పేరు, కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, అనుబంధ సంస్థలు అన్నీ కలిపి వెతకండి.

1960ల మొదట్లో యూనియన్ కార్బైడ్ పత్రికల్లో వేసిన ప్రకటన బొమ్మ ఇప్పటికీ దొరుకుతుంది. పైనుంచి ఒక పెద్ద చెయ్యి గాజు పాత్రలోంచి ఎర్రని ద్రవాన్ని ఒంపుతుంటుంది. కింద ఎద్దులతో దున్నుతున్న రైతు. సైన్స్ కొత్త భారతదేశాన్ని నిర్మించడానికి తోడ్పడుతోందని రాసి ఉంటుంది. 1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో అదే కంపెనీ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు జనం మీదికి వచ్చింది. వేలమంది చనిపోయారు. 1989లో 47 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం. 2001లో డౌ కెమికల్ ఆ కంపెనీని కొనుక్కుంది. 2006లో డౌ ఓ కొత్త ప్రచారం మొదలుపెట్టింది: రసాయన మూలకాల పట్టికలో ‘హ్యూమన్ ఎలిమెంట్’ అని మనిషినే ఒక మూలకంగా చేర్చి, అందమైన ముఖాలు చూపిస్తూ. భోపాల్ విషయంలో తనకు బాధ్యత లేదన్నది డౌ వాదన, అది కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి. దాని కింద ఇదీ రాయండి: పాత కర్మాగారంలో పడి ఉన్న 337 టన్నుల విష వ్యర్థాలు ఆ ఆవరణ దాటింది 2025 జనవరిలో. నలభై ఏళ్లు.

8. అదే కంపెనీ వేరేవాళ్లకు ఏం చెప్పిందో చదవండి

ప్రకటన మనకోసం. వాటాదారులకు, కోర్టుకు, ప్రభుత్వానికి కంపెనీ వేరే కాగితాలు ఇస్తుంది. అక్కడ అబద్ధం చెబితే శిక్ష పడొచ్చు కాబట్టి భాష మారిపోతుంది. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే దాని వెబ్‌సైట్‌లో వార్షిక నివేదిక దొరుకుతుంది. ముందున్న రంగుల పేజీలు వదిలేసి చివరికి పోండి. ‘కంటింజెంట్ లయబిలిటీస్’, ‘లీగల్ ప్రొసీడింగ్స్’, ‘రిస్క్ ఫ్యాక్టర్స్’ అన్న శీర్షికల కింద నడుస్తున్న కేసులు, రాబోయే జరిమానాలు, శుభ్రం చేయడానికి పక్కన పెట్టిన డబ్బు ఉంటాయి. ఆ తర్వాత కాలుష్య నియంత్రణ అధికారుల ఉత్తర్వులు, కోర్టు తీర్పులు. ఇక స్థానిక విలేఖరుల వార్తలు, ఆ చుట్టుపక్కల బతుకుతున్నవాళ్ల మాటలు. ఈ చివరివాటిని తక్కువ చేయకండి. మినమాటాలో పిల్లులు తూలి సముద్రంలో పడుతున్నాయని ముందు చూసింది జాలరి కుటుంబాలే.

ఒకే నోటితో రెండు మాటలెలా ఉంటాయో తెలియాలంటే ఇది చూడండి. 1977 నుంచి 2003 మధ్య ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు వేసిన భూతాపం అంచనాల్లో చాలావరకు సరిగ్గా నిలిచాయని 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అదే కంపెనీ డబ్బు కట్టి పేపర్లలో వేయించుకున్న వ్యాసాలు వాతావరణ శాస్త్రం ఇంకా అనుమానాస్పదమేనని చెబుతూ వచ్చాయి.

9. ఫిర్యాదు రాయండి

ఇంత చేసి నోట్‌బుక్ మూసేస్తే లాభం లేదు. హెచ్‌ఎస్‌బీసీ పోస్టర్ల మీద చర్య వచ్చింది మామూలు జనం ఫిర్యాదులతోనే. ‘బాధ్యతగా ఎగరండి’ అన్న కేఎల్‌ఎమ్ విమాన సంస్థ ప్రచారం మీద ఓ పర్యావరణ సంఘం కోర్టుకెళ్తే, 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు 19 వాక్యాల్లో 15 తప్పుదోవ పట్టించేవేనని చెప్పింది.

ఎక్కడ పెట్టాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. భారత్‌లో ప్రకటనల ప్రమాణాల మండలి ‘ఆస్కీ’ ఉంది, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉంది. ఈ రెండోది 2024 అక్టోబర్‌లో గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు ఉత్తుత్తి ప్రచారం) మీద మార్గదర్శకాలు తెచ్చింది: ‘పర్యావరణహితం’ లాంటి మాటలు వాడితే ఆధారం చూపించాలి. బ్రిటన్‌లో ఇందాక చెప్పిన ప్రకటనల నియంత్రణ సంస్థ ఏఎస్ఏ, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్. యూరోపియన్ యూనియన్‌లో 2026 సెప్టెంబర్ 27 నుంచి వర్తించే నిబంధన ప్రకారం రుజువు లేకుండా ‘గ్రీన్’ అని ఊరికే అనడం కుదరదు.

ఫిర్యాదులో కోపం కనపడనక్కర్లేదు, పని కనపడాలి. ముందు స్క్రీన్‌షాట్, తేదీ, ఎక్కడ చూశారో. తర్వాత ప్రకటనలోని మాట యథాతథంగా. తర్వాత మీరు తెచ్చిన కాగితం. ఇలా రాయొచ్చు:

‘ఫలానా తేదీన ఫలానా చోట చూసిన ప్రకటనలో “మా నీళ్లు పూర్తిగా శుద్ధి చేసినవి” అని ఉంది. ఇదే యూనిట్ పరిమితి మించి వ్యర్థాలు వదిలిందని నియంత్రణ అధికారి ఫలానా తేదీన ఇచ్చిన ఉత్తర్వు జతచేస్తున్నాను. ప్రకటనలో ఈ సంగతి లేదు. “పూర్తిగా” అన్న మాటకు ఆధారమైన పరీక్షల నివేదికను కంపెనీ చూపించాలని, చూపించలేకపోతే ప్రకటన ఉపసంహరించాలని కోరుతున్నాను.’

ఒక ఫిర్యాదులో ఒకటో రెండో వాక్యాల మీదే నిలబడండి. పది ఆరోపణలు చేస్తే బలహీనమైనదాన్ని పట్టుకుని మొత్తం కొట్టేస్తారు. సోషల్ మీడియాలో పంచుకునేటప్పుడు కూడా మీ దగ్గర కాగితం ఉన్నదే రాయండి. ఊహ కలిపితే మీరు వాళ్లకు ఆయుధం ఇచ్చినట్టే.

ఇంత చూశాక కంపెనీ నిజంగానే మారిందని తేలితే అదీ ఒప్పుకోవాలి. అలాంటి ప్రకటన వేరేగా ఉంటుంది. తప్పు పేరు పెట్టి చెబుతుంది, కర్తతో చెబుతుంది. ఎంత, ఎప్పటిలోగా అన్నది ఉంటుంది. తనవాళ్లు కాని ఎవరో కొలుస్తారని, ఆ ఫలితాలు అందరికీ కనిపించేలా పెడతారని ఉంటుంది. నష్టపోయినవాళ్లకు నోరు ఇస్తుంది. ఇప్పటిదాకా నేను చూసినవాటిలో ఇవన్నీ ఉన్నవి చాలా తక్కువ.

ఆఖరుగా, మీ స్క్రీన్‌షాట్లను ప్రమాదం పేరుతో, తేదీతో ఫోల్డర్‌లో పెట్టండి. కంపెనీ వెబ్‌సైట్‌లోని వాగ్దానాల పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచండి, ఎందుకంటే ఆ పేజీలు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. ‘2030 నాటికి’ అని రాసి ఉంటే ఫోన్ క్యాలెండర్‌లో 2030 జనవరి 1న అలారం పెట్టుకోండి. ఆ రోజు ఫోల్డర్ తెరిచి, మొదటి పేజీ నుంచి చదవండి.